వడ్డించే చేతిలో గంటె

మన విందుల్లో తినేవాడికి చెంచాతో పనిలేదు. ముందర విస్తరి, కుడిచెయ్యి ఉంటే చాలు. గంటె ఉండేది వడ్డించేవాడి చేతిలో. ఆర్మూర్ చుట్టుపక్కల ఏ పెండ్లికి పోయినా బంతిలో కూర్చున్నవాళ్ల చూపు ఆ గంటె వెంటే తిరుగుతుంటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని పెద్దలు ఊరికే అనలేదు. బఫేలు వచ్చి బంతులు పలుచబడ్డా, పిల్ల తండ్రి ఒక్కసారైనా గంటె పట్టి వియ్యంకుడి ప్లేటులో తానే వడ్డించకపోతే అలకలు తప్పవు.

అన్నం అందించే ఇంత మామూలు పరికరం కొన్ని సమాజాల్లో వంశగౌరవానికి గుర్తయింది. కొన్నిచోట్ల దేవతలకు, పితరులకు ఆహారం చేరవేసే సాధనమైంది. ఇంకొన్నిచోట్ల ఏమీ కాకుండా వంటింట్లోనే ఉండిపోయింది. ఎందుకిట్లా అన్నదానికి మానవశాస్త్రవేత్తలు, మ్యూజియంవాళ్లు, ధర్మశాస్త్ర పండితులు ఎవరి గదిలో వాళ్లు కూర్చుని జవాబులు రాసుకున్నారు. ఒకరి రాతలు ఇంకొకరు చదివినట్టు కనబడదు. ఆ జవాబులను ఒక్కచోట చేర్చి చూద్దాం. మొదలు మాత్రం చాలా దూరం నుంచి పెట్టాలి. చెంచాకు అందరికంటే ఎక్కువ మర్యాద చేసింది మనం కాదు, అలాస్కా నుంచి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా పసిఫిక్ తీరం వెంట బతికిన మూలవాసులు.

త్లింగిట్, హైడా, సిమ్షియాన్, క్వాక్వాక్యావాక్వ్ జాతులవాళ్లు చేపల మీద, సముద్రం మీద ఆధారపడ్డవాళ్లు. సాల్మన్ చేపలు నదుల్లోకి ఎదురెక్కే కాలంలో పట్టి, ఎండబెట్టి, పొగబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్లు. అందుకే చలికాలమంతా విందులకు, ఆటపాటలకు, చెక్కుడు పనికి తీరిక దొరికేది. వాళ్ల టోటెమ్ స్తంభాలు అందరూ బొమ్మల్లోనైనా చూసినవే. ఆ స్తంభం మీది శిల్పాన్నే జానెడు పొడవులో చెక్కితే కొమ్ము చెంచా పిడి అవుతుంది.

దాన్ని చేసే తీరు వివరంగా చెప్పుకోదగ్గది. తీరం వెంబడి మంచుకొండల్లో తిరిగే కొండమేక కొమ్ము చిన్నది, నల్లనిది, కొనకు పోయేకొద్దీ సన్నబడి వంగుతుంది. అది పిడికి. లోతట్టు కొండల్లో ఉండే అడవి గొర్రె కొమ్ము పెద్దది, పలుచగా గీకితే తేనెరంగు తేలి వెలుతురు అవతలికి కనబడుతుంది. అది చెంచా గిన్నెకు. గొర్రె కొమ్ము తీరంలో దొరకదు, లోతట్టు తెగలతో బేరమాడి తెచ్చుకోవాల్సిందే. కొమ్ము ఎముక కాదు. మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే కెరటినే అందులోనూ ఉంటుంది. నీళ్లలో ఉడికిస్తే, ఆవిరి పట్టిస్తే మెత్తబడి, చల్లారితే ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో గట్టిపడుతుంది. చీల్చిన కొమ్మును ఉడికించి, కొయ్య అచ్చులో అదిమి, చల్లారేదాకా కట్టి ఉంచుతారు. తర్వాత పిడినీ గిన్నెనూ రాగి మేకులతో బిగిస్తారు. పిడి మీద ఒకరి తలపై ఇంకొకరు ఎక్కి కూర్చున్నట్టు కాకి, ఎలుగుబంటి, తోడేలు, కిల్లర్ వేల్ ఉంటాయి. వాటి మధ్య మోకాళ్లు ముడుచుకున్న మనిషి ఒకడు ఉంటాడు. కొన్నిటికి కళ్లలో అబలోన్ ఆల్చిప్ప ముక్కలు పొదుగుతారు. రెండు వేళ్ల వెడల్పు కూడా లేని చోట ఇన్ని ప్రాణులు ఇరుకు లేకుండా ఇమిడిపోవడం వెనుక ఒక వ్యాకరణమే ఉంది. ఈ తీరపు బొమ్మల్లో గీతలు ఎట్లా ఉబ్బి, సన్నబడి, ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోతాయో బిల్ హోమ్ 1965లో ఒక పుస్తకం రాసి విప్పిచెప్పాడు.

ఆ ప్రాణులు అలంకారానికి చెక్కినవి కావు. అవి వంశాల ఆస్తి. ఫలానా కాకిని, ఫలానా ఎలుగుబంటిని చూపించుకునే హక్కు ఫలానా కుటుంబానిదే. పరాయివాళ్లు చెక్కించుకుంటే దొంగతనం కిందే లెక్క. రోజువారీ తిండికి నగిషీ లేని మామూలు చెంచాలు వేరే ఉండేవి. చెక్కిన చెంచాలు పెట్టెలో భద్రంగా ఉండి విందు రోజునే బయటికి వచ్చేవి. అమెరికా నౌకాదళంలో పనిచేసిన జార్జ్ ఎమన్స్ పందొమ్మిదో శతాబ్దం చివర త్లింగిట్ వస్తువులు రాశులుగా కొని న్యూయార్క్ మ్యూజియానికి చేర్చాడు. ఇట్లా ఎందరో పోగేసినందువల్ల ఇవాళ ఈ చెంచాలు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో చాలావాటిలో ఉన్నాయి. వాటి పక్కన రాసిపెట్టే చీటీల్లో మాత్రం తరచుగా ‘భోజన పరికరం’ అనే ఉంటుంది. అది నిజమే గాని సగం నిజం.

మిగతా సగం త్లింగిట్ల స్మారక విందులో ఉంది. వాళ్ల సమాజమంతా రెండు శాఖలు: కాకి శాఖ, గద్ద శాఖ. ఒక శాఖలో మనిషి పోతే అంత్యక్రియల పనులన్నీ రెండో శాఖవాళ్లు చేస్తారు. తర్వాత చనిపోయినవాళ్ల వంశం పెద్ద విందు పెట్టి ఆ రుణం తీర్చుకుంటుంది. పోయినవాళ్ల పేర్లు పిలుస్తూ కొంత ఆహారం నిప్పుల్లో వేస్తారు. అది వాళ్లకు చేరుతుందని నమ్మకం. అతిథులు తిన్నదీ వాళ్లకే చేరుతుంది. హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియం చెంచాల మీద ఆన్-మరీ విక్టర్-హౌ 2007లో రాసిన పుస్తకం పేరులోనే ‘పూర్వీకులకు అన్నం పెట్టడం’ ఉంది. మన తద్దినం చూసినవాడికి ఇందులో వింతేమీ ఉండదు. భోక్తలు కూర్చుని తింటారు, తృప్తి పితరులకు. అగ్నిలో వేసిందీ వాళ్లకే. రెండు మహాసముద్రాలకు అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేననను. పోయినవాళ్లకు నోరుండదు కాబట్టి ఇంకొకరి నోరో, నిప్పో కావాలి. అంతవరకు ఎవరైనా ఆలోచించగలరు.

ఇంకొక పోలిక ఇంతకంటే గట్టిది. ఆ తీరంలో ఊలికన్ అనే చిన్న చేప ఉంది. ఎండబెట్టి ఒత్తి వేసి ముట్టిస్తే కొవ్వొత్తిలా మండేంత నూనె దానిలో. క్వాక్వాక్యావాక్వ్ పెద్దలు విందుల్లో ఆ నూనెను పెద్ద కొయ్య గరిటెలతో నిప్పులో పోసి, మంట ఇంటి కప్పుకు తగిలేలా లేపేవాళ్లు. ఎదుటి పెద్దమనిషి ఆ సెగకు కూర్చున్నచోటు నుంచి కదిలితే ఓడినట్టు. మన యాగాల్లో చివరికి వచ్చే వసోర్ధారలో నెయ్యి ధార తెగకుండా అగ్నిలో పడుతుంది. 2015 డిసెంబరులో ఎర్రవల్లిలో జరిగిన అయుత చండీయాగాన్ని టీవీలో చూసినవాళ్లకు పొడుగాటి కొయ్య గరిటెలు, పైకి లేచే మంటలు గుర్తుండే ఉంటాయి. అక్కడ పంతం, ఇక్కడ భక్తి అని తేడా చెప్పొచ్చు. కాని పదిమంది చూస్తుండగా విలువైన కొవ్వును నిప్పుకు అర్పించడం, చూసినవాళ్లు సాక్షులు కావడం రెండుచోట్లా ఉన్నాయి.

ఈ విందులను పాట్లాచ్ అంటారు. ఉన్నదంతా పంచిపెట్టి గొప్పవాడు కావడం కెనడా ప్రభుత్వానికి, పాదరీలకు అర్థం కాలేదు. 1885 నుంచి చట్టం పెట్టి నిషేధించారు. 1921లో విలేజ్ ఐలాండ్‌లో డాన్ క్రాన్మర్ పెట్టిన పెద్ద పాట్లాచ్‌కు పోయినవాళ్ల మీద కేసులు పెట్టి, కొందరిని జైలుకు పంపి, ముసుగులు, రాగి పలకలు లాక్కున్నారు. నిషేధం 1951లో గాని తొలగలేదు. లాక్కున్నవాటిలో తిరిగి వచ్చినవాటిని ఉంచడానికి అలర్ట్ బే‌లో 1980లో ఉమిస్తా సాంస్కృతిక కేంద్రం తెరిచారు. అమెరికాలో 1990 చట్టం కింద మ్యూజియాలు పవిత్ర వస్తువులను తెగలకు తిరిగి ఇస్తున్నాయి. విందు మానిపించి, విందు సామానును అద్దాల బీరువాలో పెట్టుకున్న నాగరికత అది.

ఇక మన వైపు. శ్రౌతయాగాల్లో వాడే గరిటెలకు మన పూర్వులు పెట్టిన లెక్కలు చూస్తే హైడా శిల్పులు కూడా తల వంచుతారు. జుహువు మోదుగ కర్రతో, ఉపభృత్తు రావితో, ధ్రువ వికంకతంతో, స్రువం చండ్రతో చెయ్యాలి. జుహువు పొడవు బారుచెయ్యంత, గిన్నె అరచెయ్యంత, నెయ్యి జారే ముక్కు హంస ముక్కులా ఉండాలి. స్రువం మూరెడు, దాని గుంట బొటనవేలి కణుపంత. ఒక్కో గరిటె ఒక్కో చెట్టుది, ఒక్కో పని కోసం. బొమ్మలు లేవు, వంశ చిహ్నాలు లేవు. ఇక్కడ శిల్పమంతా కొలతలోనే ఉంది. పి.వి.కాణే ధర్మశాస్త్ర చరిత్రలో ఈ వివరాలన్నీ ఓపిగ్గా కూర్చాడు. ఇది పుస్తకాల్లో మిగిలిన సంగతి మాత్రమే కాదు. కోనసీమలో నిన్నమొన్నటిదాకా బతికిన, యాగాగ్నులను ఇంట్లో నిలుపుకున్న ఆహితాగ్నుల జీవితాలను డేవిడ్ నైప్ అనే అమెరికన్ పండితుడు ఏళ్ల తరబడి దగ్గరుండి చూసి 2015లో పుస్తకంగా తెచ్చాడు. తెలుగులో ఇప్పటికైనా రావాల్సిన పుస్తకం అది.

ఆహితాగ్ని పోయినప్పుడు ఆ గరిటెలకు జరిగేది మరీ ముఖ్యం. ఆశ్వలాయన గృహ్యసూత్రం ప్రకారం జుహువును అతని కుడిచేతిలో, ఉపభృత్తును ఎడమచేతిలో, ధ్రువను రొమ్ము మీద, స్రువాలను ముక్కు దగ్గర పెట్టి అతనితోపాటే దహనం చేస్తారు. కొడుకు కొత్తవి చేయించుకోవాలి. త్లింగిట్ చెంచా వంశంలో మేనమామ నుంచి మేనల్లుడికి వచ్చేది. మన యాగపు గరిటె యజమానితోపాటే కాలిపోయింది. మ్యూజియాల్లో వాళ్లవి బీరువాలు నిండా ఉండి, మనవి కనబడకపోవడానికి కారణం శిల్పనైపుణ్యంలో తేడా కాదు. ఒకరు దాచుకున్నారు, ఇంకొకరు కాల్చేశారు. మన సంప్రదాయంలో వస్తువు కాదు, దాని కొలత వారసత్వం.

కొమ్ము మనకు కొత్తేమీ కాదు. సోమయాగానికి దీక్ష పట్టినవాడు ఒళ్లు గోక్కోవడానికి కృష్ణజింక కొమ్ము చేతిలో ఉంచుకుంటాడు, దక్షిణలు ఇచ్చాక దాన్ని గుంటలో పారేస్తాడు. ఖడ్గమృగం కొమ్ముతో చేసిన ఖడ్గపాత్రలో పితృతర్పణం వదిలితే విశేష ఫలమని ధర్మశాస్త్రాలు చెప్పాయి. శివుడికి రుద్రాభిషేకంలో శృంగం వాడటం ఇప్పటికీ ఉంది. శుభ్రం చేసిన ఆవుకొమ్ముకు కొనన రంధ్రం చేసి, వెండి తొడుగో ఇత్తడి తొడుగో వేస్తారు. పైన పోసిన నీళ్లు, పాలు కొన నుంచి సన్నని ధారగా లింగం మీద పడతాయి. ఇంత కొమ్ము పరిచయం ఉండి కూడా మనం కొమ్ముతో తినే చెంచా చేసుకోలేదు.

కారణం ఎంగిలి. నోట్లో పెట్టిన వస్తువుకు మన దగ్గర పూజ్యత ఉండదు. ఉద్ధరిణిని చూడండి. పడగ విప్పిన పామో, నందో, ఆంజనేయుడో పిడి కొనకు ఉన్న ఉద్ధరిణులు దాదాపు ప్రతి పూజ సామాన్ల దుకాణంలో దొరుకుతాయి. మన ఇండ్లలో అసలైన ‘చెక్కిన చెంచా’ అదే. ఆర్మూర్ సిద్ధులగుట్ట మీదైనా, బాసరలోనైనా తీర్థం దానితోనే పోస్తారు, భక్తుడు అరచెయ్యి గుంటచేసి పడతాడు. ఉద్ధరిణి ఎవరి నోటికీ తాకదు. స్రువం నోరు అగ్ని నోరే. అన్నపూర్ణ విగ్రహం చేతిలోని గరిటె కూడా వడ్డించేదే, తినేది కాదు. పసిఫిక్ తీరంలో అతిథి నోటికి తాకిన చెంచాకే గౌరవం. మన దగ్గర తాకని గరిటెకే గౌరవం. పైకి ఎదురెదురుగా కనబడ్డా రెండిటిలో ఒకటే మాట ఉంది. గౌరవం తినేవాడి ఆకలికి కాదు, పెట్టేవాడి స్థానానికి. ఎందుకంటే త్లింగిట్ అతిథి చేతిలోని చెంచా అతనిది కాదు, విందు ఇచ్చే వంశానిది. తిన్నంతసేపూ వాళ్ల కాకి, వాళ్ల తోడేలు అతని కళ్లముందే ఉంటాయి. వస్తువులను వాడుకను బట్టి మాత్రమే విభజించే మ్యూజియం పద్ధతి ఇక్కడే తప్పుదోవ పట్టిస్తుంది.

మనలో ఒక మినహాయింపు ఉంది, ఉగ్గుగిన్నె. ముక్కున్న ఆ చిన్న వెండి గిన్నెను అమ్మమ్మగారింటివాళ్లు పెడతారు. అది నోటికి తాకేదే. అయినా దాచుకుంటారు, తర్వాతి తరం బిడ్డకు మళ్లీ తీస్తారు. పసిబిడ్డకు ఎంగిలి లేదు మరి.

కొమ్ముపని చేసే చేతులు తెలుగు నేల మీదా, దాని అంచులోనూ ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం కంసాలులు నల్లచేవ కర్రలో దంతం పొదిగి దొరలకు కుర్చీలు, పెట్టెలు చేశారు. తర్వాత గంధపు చెక్క పెట్టెలకు దున్న కొమ్ము, దంతం, ముళ్లపంది ముళ్లు తాపడం చేశారు. ఆ పెట్టెలు లండన్ మ్యూజియాల్లో ఇవాళ్టికీ ఉన్నాయి. తెలుగు, ఒడియా రెండూ వినబడే పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది. అక్కడి కొమ్ముపనివాళ్లు పశువుల కొమ్మును నూనె రాసి సెగ చూపి మెత్తబరిచి కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు, దువ్వెనలు చేస్తారు. వేడితో వంచే కిటుకు పసిఫిక్ తీరంలోనిదీ, ఇదీ ఒకటే. అక్కడ వంశచిహ్నమైనది ఇక్కడ షోకేసు బొమ్మయింది. కొనేవాడు ఎవడన్నదే వస్తువు తలరాత రాస్తుంది.

ఆర్మూర్ నుంచి నాలుగు వరుసల రోడ్డు మీద ఉత్తరానికి పోతే సోన్ దగ్గర గోదావరి, అది దాటితే నిర్మల్. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర తేలికది, మెత్తనిది, గంటెకు పనికిరాదు. ఇంకా పైకి పోతే గోండులు, కొలాములు. వాళ్ల ఇండ్లల్లో ఎండిన సొరకాయ బుర్రను కోసి చేసిన గంటెలు వాడటం పాత అలవాటు. కాయే సగం పని చేసి పెడుతుంది. మెడ పిడి, కడుపు గిన్నె. పగిలితే పారేస్తారు, మళ్లీ ఏడాది పాదు పెడతారు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940ల నుంచి ఆదిలాబాద్ గోండుల మీద రాసిన పుస్తకాల్లో పూర్వీకులను కలుపుకున్న పెర్సాపేన్ అనే వంశదైవం గురించి ఉన్నది చదివితే, వాళ్ల దైవచిహ్నం ఈటె మొన, చామరం గాని పాత్ర కాదని తెలుస్తుంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశస్థులు హస్తినమడుగు నుంచి నడిచి గోదావరి జలం తెస్తారు, సిరికొండ కుమ్మరులు చేసిన కొత్త కుండల్లో పని సాగుతుంది. అక్కడ పవిత్రత నీటిది, నడకది, కొత్త మట్టిది. ఏటా కొత్తది కావాలనే చోట పాతదాని మీద నగిషీకి తావుండదు.

భద్రాచలం వైపు కోయల దగ్గర కొమ్ము తలకెక్కింది. అడవిదున్న కొమ్ములు తలపాగాకు కట్టి ఆడేదే కొమ్ముకోయ ఆట. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అడవిదున్న కొమ్ము కొత్తగా సంపాదించే దారి లేదు, తాతల నాటివే జాగ్రత్త చేసుకోవాలి.

పెట్టే మనిషికి గరిటె బిరుదుగా ఇచ్చిన సమాజం ఇంకొకటుంది. లైబీరియా, ఐవరీ కోస్ట్‌లలోని డాన్ ప్రజల్లో ఊరికంతటికీ మంచి ఆతిథ్యం ఇచ్చే స్త్రీని వున్‌కిర్లే అంటారు. ఆమెకు మూరెడు పైన పొడవున్న చెక్కుడు గరిటె ఉంటుంది. కొన్నిటి పిడి ఆడమనిషి ముఖంలా, కొన్నిటిది కాళ్లలా ఉంటుంది. పండుగనాడు దాన్ని పట్టుకుని ఆడుతుంది. శిల్పి జాకొమెట్టి 1926–27లో చేసిన ‘చెంచా స్త్రీ’కి ప్రేరణ ఈ గరిటెలే. మన దగ్గర అట్లాంటి మనిషి లేకపోలేదు. లంకల గన్నవరంలో ఆకలన్నవాడికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) డాన్ ఊళ్లో పుట్టి ఉంటే ఆమె గరిటె ఇవాళ ప్యారిస్ మ్యూజియంలో ఉండేది. ఇక్కడ ఆమె పేరు గోదావరి పాయ మీది ఆక్విడక్టుకు పెట్టారు, 2024లో ఆంధ్రప్రదేశ్ బడి భోజనానికి పెట్టారు. నన్నడిగితే బడి భోజనమే సరైన స్మారకం.

తెలుగువాళ్లు చెక్కిన చెంచా బొత్తిగా లేదని కాదు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో నర్ది, దేవదారి, బిక్కి లాంటి స్థానిక కలపతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. పిడి మీద సన్నని జాలీ పని, పూలతీగలు ఉంటాయి. ముస్లిం కుటుంబాలు, అందులో ఎక్కువగా ఆడవాళ్లు ఈ పని నిలబెట్టారు. భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. చేసిన వాళ్లే దానితో తినరు, చాలా వరకు కొన్నవాళ్ల డ్రాయింగ్ రూముల్లో గోడకెక్కుతుంది. తయారీలో అంత పనితనం ఉన్నా ఏ విందూ దాన్ని తనదనుకోలేదు. ఉదయగిరి చెంచాకు ఉన్న లోటు అదొక్కటే.

చెంచా అక్కర్లేదనుకున్న మన విందుల్లోకి అది ప్లాస్టిక్ రూపంలో వచ్చి కూర్చుంది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు దేశమంతా నిషేధం. హైదరాబాద్‌లో నారాయణ పీసపాటి అంతకుముందే జొన్నపిండితో తినగలిగే చెంచా చేసి చూపించాడు. తిన్నాక చెంచానూ తినేయొచ్చు, ఎంగిలి సమస్యే లేదు. ఎర్రజొన్న పండించే ఆర్మూర్ మండలాల రైతులకు జొన్నతో ఇంకొక సరుకు తయారవుతుందన్నది ఆలోచించదగ్గ సంగతి.

వచ్చే మాఘమాసం పెండ్లిండ్లకు సామాను రాసుకునేవాళ్లకు ఒక మాట. తినేవాళ్లకు చెంచాలు కొనకపోయినా నష్టం లేదు, విస్తర్లు వేసి కూర్చోబెట్టండి. వడ్డనకు మాత్రం నాలుగు ఉదయగిరి గరిటెలు తెప్పించండి. లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి. కడిగాక నీళ్లలో నాననివ్వకుండా తుడిచి నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడు కాస్త నువ్వులనూనె రాస్తే రేపు మీ బిడ్డ కూడా తన పిల్లల పెండ్లిలో వాటితోనే వడ్డించొచ్చు.